నడుం నొక్కి చూసి కిడ్నీ సంగతి చెప్పేయొచ్చా?

సోంపేట వైపు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. చాలా వివరంగా రాశారు, నేను కుదించి చెబుతున్నాను.

ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. నాన్నగారికి 61 ఏళ్లు. కొబ్బరి తోట, కొంచెం జీడితోట ఉన్నాయి. షుగర్ వచ్చి 11 ఏళ్లయింది. రోజూ బిళ్లలు వేసుకుంటారు, ఎప్పుడైనా బుద్ధి పుడితే ఇంట్లో మిషన్ మీద షుగర్ చూసుకుంటారు, అంతకుమించి ఏ పరీక్షకూ రారు. దానికో కారణం ఉంది. ఆయన అన్నగారు ఉద్దానం కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉండి ఉండి పోయారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) అన్న మాట ఎత్తితే లేచి తోటలోకి వెళ్లిపోతారట.

ఆర్నెల్ల కిందట ఆయనకి కుడి జబ్బ పట్టేసింది, చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమైపోయింది. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు తెచ్చుకుని మింగుతుంటే, శ్రీకాకుళంలో ఉండే పెద్దల్లుడు టౌన్లో కొత్తగా పెట్టిన ఒక ఆస్టియోపతి సెంటరుకి తీసుకెళ్లారు. అక్కడాయన చేతుల్తోనే చూస్తారు, చేతుల్తోనే వైద్యం చేస్తారు. నాలుగైదుసార్లు వెళ్లేసరికి జబ్బ కాస్త లేస్తోంది, నొప్పి బిళ్లలు కూడా తగ్గాయి. ఆ ఊపులో బావగారు పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టేశారు. తర్వాత ఒకరోజు ఆ సెంటరాయన వీపు, నడుం, పొట్ట, కాళ్లు అన్నీ తడిమి, నొక్కి చూసి, "షుగర్ ఏ అవయవాన్ని పట్టుకుందో నా వేళ్లకి తెలిసిపోతుంది. కళ్లు బాగున్నాయి, కాళ్లు వెచ్చగా ఉన్నాయి కాబట్టి రక్తం బాగానే ఆడుతోంది. కుడి కిడ్నీ దగ్గర మాత్రం బిగువుంది, సిట్టింగుల్లో సరిచేస్తాను, ఆ తర్వాత షుగర్ బిళ్లలు తగ్గించుకోవచ్చు" అన్నారట. తిమ్మిర్లకని కాళ్లకి వేడినీళ్ల కాపడం కూడా పెడుతున్నారు.

నాన్నగారికి ప్రాణం లేచొచ్చింది. ఈవిడకి నిద్ర పట్టడం లేదు. పరీక్షలు చేయిద్దామంటే "ఆయన చూశాడు కదా" అంటున్నారు నాన్నగారు, గట్టిగా మాట్లాడితే బావగారికి కోపం, మధ్యలో అప్ప, అంటే అక్కయ్య, నలిగిపోతోంది. ఈవిడ అడిగినవి మూడు. చేత్తో చూసి షుగర్ వల్ల వచ్చే నష్టాన్ని కనిపెట్టడం నిజంగా అయ్యే పనేనా? నాన్నని అక్కడికి వెళ్లకుండా ఆపేయాలా? ఆయనకి తెలియకుండా మూత్రం శాంపిల్ పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే తప్పా? చివర్లో మాటవరసకి రాసినట్టు ఇంకో ముక్క: "మొన్న తోటలో నాన్న ఎడమకాలి చెప్పు జారిపోయినా చూసుకోలేదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేశారు, అందరం ఒకటే నవ్వు."

ఇక నా సమాధానం.

ముందు ఆ చెప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే మీరడిగిన మూడింటికంటే అదే తొందరది. విజయనగరంలో నేను రోజూ షుగర్ మనుషుల్ని చూస్తుంటాను, వాళ్లలో చాలామంది పాదం మొద్దుబారిన సంగతి ఇలా చెప్పు జారిపోవడంతోనే బయటపడుతుంది. నొప్పి ఉంటే మనిషి తనంతట తనే డాక్టరు దగ్గరికి వస్తాడు. మొద్దుబారితే ఏ బాధా లేదు కదా అనుకుంటాడు. తోటలో ముల్లు దిగినా, చెప్పులో రాయి ఇరుక్కున్నా తెలియకుండా రెండ్రోజులు తిరిగేస్తాడు, ఇంట్లోవాళ్లకి తెలిసేసరికి పుండు పడి చీము పడుతుంది. మీ నాన్నగారికి కచ్చితంగా అదే అయిందని ఉత్తరం చూసి నేను చెప్పలేను, కానీ ఆ అనుమానంతోనే నడుచుకోవాలి. అందుకని కాళ్లకి వేడి కాపడం ఈ రోజే మాన్పించండి. మొద్దుబారిన కాలికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలెక్కాక గానీ కాలిందని తెలియదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అటా ఇటా అని ఆలోచించడానికేం లేదు. "కాళ్లు వెచ్చగా ఉన్నాయి" అన్న మాట మీద కూడా ధైర్యం పెట్టుకోకండి. నరాలు దెబ్బతిన్న పాదం కొన్నిసార్లు మామూలు పాదం కంటే వెచ్చగానే ఉంటుంది. ఒక పాదం మాత్రం వేడెక్కి, ఎర్రబడి, వాచి, దానికి తగ్గంత నొప్పి లేకపోతే అది ఇంకా ప్రమాదం. లోపల ఎముకలు, కీళ్లు చెదిరిపోతున్నాయేమో చూడాలి, దాన్ని చార్కో పాదం అంటారు. అలాంటి కాలిని ఎవరూ నొక్కకూడదు, దాని మీద నడవనివ్వకూడదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లోనే మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రకటించారు. నాన్నగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆయన కాలివేళ్ల కొసల్ని తాకండి. రెండు కాళ్లకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు చోట్ల. ఒక్కో చోట ఒకటి రెండు సెకన్లు, ఈక తగిలినంత తేలిగ్గా. నొక్కకూడదు, నిమరకూడదు, ఒక చోట రెండోసారి తాకకూడదు. తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరింట్లో రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ తెలియలేదంటే పాదం మొద్దుబారిందనే అనుకోవాలి. అన్నీ తెలిశాయని ఆసుపత్రి మానేయకండి, అక్కడ నైలాన్ దారంతో, శృతిదండంతో ఇంకా నికరంగా చూస్తారు, పాదం మీద, చీలమండ వెనక నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తారు. షుగర్ ఉన్న ఎవరికైనా ఏడాదికొకసారి ఈ చూపు పడాలి.

చూశారా, ఇది కూడా చేత్తో చేసే పరీక్షే. అందుకే చేత్తో చూడడమంటేనే మోసం అని మీరు బావగారితో వాదనకి దిగొద్దు, ఓడిపోతారు. షుగర్ మనిషి విషయంలో చేతికి తెలిసేవి నిజంగానే చాలా ఉన్నాయి. పాదంలో స్పర్శ, నాడి, అరికాలిలో కాయలు, వేళ్ల మధ్య పుండ్లు. జబ్బ పట్టేయడం కూడా అందులోదే, మామూలు వాళ్లకంటే షుగర్ ఉన్నవాళ్లకి అది ఎక్కువగా వస్తుంది. చేతివేళ్లు బిగుసుకుపోవడం ఇంకోటి. నాన్నగారిని రెండు చేతులూ జోడించి దండం పెట్టమనండి. రెండు అరచేతులూ, వేళ్లూ పూర్తిగా ఆనుకోకుండా మధ్యలో సందు మిగిలితే, షుగర్ చాలాకాలంగా ఒంట్లో పనిచేస్తోందని గుర్తు. అలాంటి వాళ్లకి కళ్లలో, కిడ్నీల్లో కూడా చిన్న రక్తనాళాలు దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి చేతులు అనుమానం పుట్టించగలవు. ఆ తర్వాత కొలిచి చూడాలి.

మరి నడుం నొక్కి కిడ్నీ సంగతి చెప్పడం? ఆ సెంటరాయన గాల్లోంచి తీసి చెప్పిన మాట కాదది, ఒక సిద్ధాంతం ఉంది. ఆస్టియోపతిని 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు మొదలుపెట్టాడు, మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో 1892లో మొదటి బడి పెట్టాడు. లోపలి అవయవానికి ఇబ్బంది వస్తే, దాని నరాలు వెన్నులో ఏ చోట కలుస్తాయో ఆ చోటి కండరాల్లో బిగువు, మందం, నొప్పి కనిపిస్తాయన్నది వాళ్లు చెప్పేది. కిడ్నీకి వెళ్లే నరాలు పక్కటెముకలు అయిపోయి నడుం మొదలయ్యే చోటు నుంచి వెళ్తాయి కాబట్టి అక్కడ తడిమి చూస్తారు. 2007లో అమెరికాలో, వంద మంది కూడా లేని ఒక చిన్న అధ్యయనంలో, షుగర్ ఉన్నవాళ్లకి సరిగ్గా ఆ భాగంలో, అదీ కుడివైపు, కండరాల్లో మార్పు ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. మీ సెంటరాయన కుడివైపు అనడం బహుశా అలాంటి చదువులోంచే వచ్చి ఉంటుంది. అయితే అది షుగర్ వల్లా, వేరే జబ్బుల వల్లా, లేకపోతే యాదృచ్ఛికమా తేలాలంటే ఇంకా పెద్ద అధ్యయనాలు కావాలని ఆ పరిశోధకులే రాశారు.

అయినా షుగర్ ఉన్న గుంపులో నడుం బిగువు కొంచెం ఎక్కువగా కనిపించడం వేరు, ఒక మనిషి నడుం నొక్కి ఆయన కిడ్నీ గురించి తేల్చేయడం వేరు. జబ్బు ముందుగా పట్టుకునే పరీక్ష ఏదైనా రెండు పనులు చేయాలి. జబ్బున్నవాణ్ణి వదిలేయకూడదు, లేనివాణ్ణి పట్టుకోకూడదు. నలభై ఏళ్లు తోటపని చేసి, కాయలు మోసి, గొప్పులు తవ్విన మనిషి నడుం బిగువుగా లేకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, ఉంటే ఆశ్చర్యమేముంది? పైగా ఒకే వీపుని ఇద్దరు నిపుణులు విడివిడిగా తడిమితే ఇద్దరూ ఒకే మాట చెప్పడం తక్కువ, ఇది ఆ రంగంలో వాళ్లకీ తెలిసిన ఇబ్బందే. అన్నిటికంటే ముఖ్యం, షుగర్ వల్ల దెబ్బతినే కిడ్నీ నొప్పి పెట్టదు, బిగుసుకోదు. చాలా భాగం పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. అమెరికాలో ఆస్టియోపతి చదివినవాళ్లు పూర్తిస్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. షుగర్ పేషెంటు వస్తే వాళ్లు కూడా మూత్ర పరీక్ష, రక్త పరీక్ష రాయాల్సిందే. వీపు తడిమామని అవి మానేయరు.

మీ నాన్నగారు ఈ మనిషిని ఎందుకు నమ్మారో నాకు అర్థమవుతుంది. కొబ్బరికాయని చేత్తో తట్టి లోపల నీళ్లెన్నున్నాయో, కాయ ముదిరిందో లేదో చెప్పగలిగే మనిషికి, చేతికి అన్నీ తెలుస్తాయంటే నమ్మకం కుదరడం సహజం. ఆ నమ్మకం వెనక ఇంకోటి కూడా ఉంది, మీరే రాశారు, అన్నగారి చావు. ఆయనకి కావలసింది నిజానికి పరీక్ష కాదు, పరీక్ష తప్పించుకోవడానికి ఒక గౌరవమైన సాకు. "కిడ్నీ దగ్గర కొంచెం బిగువుంది, నేను సరిచేస్తాను" అన్న మాటలో భయమూ తీరింది, వైద్యమూ జరిగినట్టుంది, రిపోర్టు మీద అంకె మాత్రం లేదు. ఇంతకంటే హాయైన మాట ఆయనకి ఎవరు చెప్పారు? కాబట్టి మీరు ఆస్టియోపతి తప్పని ఎంత నిరూపించినా ఆయన కదలరు. ఆయన భయంతోనే మాట్లాడాలి.

ఆ భయంలో కొంత అన్నగారి జబ్బునీ తన షుగర్‌నీ కలిపేసుకోవడం వల్ల వచ్చింది. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు జనాన్ని పట్టుకున్న కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంతవరకూ తేలలేదు. షుగర్ గానీ బీపీ గానీ లేనివాళ్లకి కూడా వస్తోంది. దానికి ఆపే మందు ఫలానా అని లేదు కాబట్టి జనం అంతగా బెదిరిపోయారు. షుగర్ వల్ల వచ్చేది వేరే దారి. అందులో సాధారణంగా ముందు మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా దిగుతుంది. ఆ దశలో పట్టుకుంటే చేయడానికి చాలా ఉంది. బీపీ మందుల్లోనే కిడ్నీని కాపాడేవి కొన్ని ఉన్నాయి, షుగర్ మందుల్లో కూడా డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కిడ్నీ అరిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తాయి. "మీ అన్నకి తెలిసేసరికి చేయడానికేమీ మిగల్లేదు, నీకు తెలిస్తే చేయడానికి ఉంది నాన్నా" అని చెప్పి చూడండి. ఇది ఉత్తుత్తి ఓదార్పు కాదు, నిజం.

అలాగని షుగర్ మనిషి కదా, మూత్రం ఒక్కటీ చూస్తే చాలు అనుకోకండి. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించకుండానే క్రియాటినిన్ పెరిగిపోవచ్చు. మీది ఆ ఊళ్ల మధ్య ఊరు, ఆయన పెరిగింది అక్కడే, అన్నగారికి ఆ జబ్బే వచ్చింది. కాబట్టి రెండూ కావాలి. ఒకటి మూత్రంలో ఆల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి, ల్యాబుల్లో ఏసీఆర్ అంటారు, 30 లోపు ఉండాలి. రెండోది రక్తంలో క్రియాటినిన్, దాన్నిబట్టి కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్, అది మూడు నెలలకి మించి 60 కంటే తక్కువగా ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. ఏసీఆర్ ఒక్కసారి ఎక్కువొచ్చిందని గుండెలు బాదుకోవద్దు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు ఒళ్లు విరిగేలా చేసిన పని, వీటివల్ల కూడా పెరుగుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి రెండుసార్లు ఎక్కువ వస్తేనే ఖాయం చేస్తారు. ఈ మాట నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, మొదటి రిపోర్టే ఉరిశిక్ష కాదని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

కళ్ల గురించి రెండు ముక్కలు. "కళ్లు బాగున్నాయి" అని వీపు తడిమి చెప్పడం కుదరదు, చూపు బాగున్నంత మాత్రాన నేను కూడా చెప్పలేను. రెటీనాలో రక్తనాళాలు చితికిపోతున్నా చివరిదాకా చూపు బాగానే ఉండొచ్చు. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూడాలి, లేదా రెటీనా ఫొటో తీయాలి, షుగర్ బయటపడిన ఏడాది నుంచే. 11 ఏళ్లలో ఒక్కసారీ చూపించలేదంటే అదీ బాకీయే. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి తోలనివ్వకండి, తోడుగా ఎవరైనా వెళ్లాలి.

ఇప్పుడు మీరడిగిన రెండో ప్రశ్న, ఆపేయాలా అని.

ఆపేస్తే ఏమవుతుందో మీకే తెలుసు. బావగారు తన మాట పోయిందనుకుంటారు, నాన్నగారు అల్లుడి పక్షం చేరతారు, పరీక్షల మాట ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పైగా జబ్బకి నిజంగానే మేలు జరిగింది. పట్టేసిన జబ్బ కాలక్రమంలో తనంతట తానే చాలావరకు వదులుతుంది, ఒకటి నుంచి మూడేళ్లు పట్టొచ్చు, ఆ మధ్యలో మెల్లగా కదిలించే వ్యాయామం, చేతి వైద్యం ఉపశమనం ఇస్తాయి. అది ఫిజియోథెరపిస్టు దగ్గర కూడా దొరుకుతుంది. ఆ సెంటరాయన ఏం చదివారో, ఫిజియోథెరపీ డిగ్రీ ఉందో లేదో మర్యాదగా అడిగి తెలుసుకోండి, డబ్బు కట్టినవాళ్లకి అడిగే హక్కుంది. ఇంకో సంగతి, నన్నడిగితే ఇంతవరకూ ఆయన చేతులు నాన్నగారి కిడ్నీలకి చేసిన అసలు మేలు నొప్పి బిళ్లలు తగ్గించడమే. షాపులో అడిగి కొనుక్కునే ఆ బిళ్లలు చాలావాటితో కిడ్నీకి ముప్పే, మీ వైపు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. మీరు సెంటరు మాన్పించి, నొప్పి మళ్లీ మొదలై, ఆయన మళ్లీ షాపుకి వెళితే మనం బాగుపడింది ఏమీ లేదు.

జబ్బ వరకు వెళ్లనివ్వడం రెండో దారి, నేనైతే దీనివైపే మొగ్గుతాను, కానీ కొన్ని కట్టుబాట్లతో. మెడ పట్టుకుని ఠక్కున తిప్పడం వద్దు. అరుదుగానే అయినా మెడలో రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి, షుగర్, వయసు రెండూ ఉన్న మనిషితో ఆ సాహసం అక్కర్లేదు. కాళ్లకి వేడి వద్దు, గట్టి మర్దన వద్దు. షుగర్ బిళ్లలు తగ్గించడం ఆ సెంటరాయన చేతిలో పని కాదు. ఆ బిళ్లల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే, దాని మోతాదు కూడా కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే నిర్ణయించాలి, ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే సాధారణంగా తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే మానేస్తారు. అంటే నిజంగా బిళ్ల తగ్గాల్సిన అవసరం ఉన్నా అది చెప్పేది రక్త పరీక్షే. ఈ దారిలో నష్టం ఏమిటంటే, వెళ్తున్నంతకాలం ఆ "బిగువు" కబుర్లు నాన్నగారి చెవిలో పడుతూనే ఉంటాయి, పరీక్షల మాట మీరు ఓపికగా మళ్లీ మళ్లీ ఎత్తుతూనే ఉండాలి.

ఆ సెంటరాయన్నే వాడుకోవడం ఇంకో ఉపాయం. ఈసారి మీరూ వెళ్లండి, బావగారు పక్కన ఉండగానే అడగండి: "సార్, మీకు కిడ్నీ దగ్గర అనుమానం వచ్చిందన్నారు కదా, మీ సిట్టింగులు పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే ఇప్పుడొకసారి, అయ్యాక ఒకసారి మూత్రం, రక్తం చూపిస్తే బాగుంటుంది కదా, మీరే నాన్నకి చెప్పండి." నిజాయితీ ఉన్న మనిషైతే సంతోషంగా చెబుతాడు, నాన్నగారు మీ మాట వినకపోయినా ఆయన మాట వింటారు, బావగారి పరువూ నిలుస్తుంది. "నా చేతి మీద నమ్మకం లేదా" అని ఆయన ముఖం మాడ్చుకున్నాడనుకోండి, అది బావగారి కళ్లముందే జరుగుతుంది, మీరు విడిగా ఏమీ అనక్కర్లేదు. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. పరీక్షలు మామూలుగా వస్తే "చూశారా, నేనే సరిచేశాను" అనొచ్చు. అననివ్వండి. వచ్చే ఏడాది మళ్లీ చేయించడానికి అదే సాకు అవుతుంది.

మూడో ప్రశ్న, దొంగచాటుగా శాంపిల్. ఈ మాట మీరు ఎంత బాధపడి రాశారో తెలుస్తోంది, అయినా వద్దంటాను. తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టండి, దానితో పని జరగదు. రిపోర్టు బాగుంటే ఆ మాట ఆయనకి చెప్పలేరు. బాగోకపోతే ఇంకా చెప్పలేరు. మందు మార్చాలన్నా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్నా ఎలా తెలిసిందని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పేది వింటే ఆయన నమ్మకం పూర్తిగా పోతుంది. ఆ కాగితం బీరువాలో దాచుకుని మీరొక్కరే కుమిలిపోతారు. దానికి బదులు ఆయనతోనే ఒక ఒప్పందం పెట్టుకోవచ్చు. "నువ్వు శాంపిల్ ఇవ్వు, రిపోర్టు నేనే తెచ్చుకుంటా, అంకెలు నీకు చెప్పను, ఏం తినాలో ఏ బిళ్ల వేసుకోవాలో మాత్రం డాక్టరు చెబుతారు" అనండి. అంకె వినడం ఇష్టంలేని మనుషులుంటారు, అది వాళ్ల హక్కు. అయితే మోయాల్సిన బరువు మీ మీద పడుతుంది, మీ అప్పని కూడా అందులో భాగం చేసుకోండి. కిడ్నీ బాగా దెబ్బతిందని వస్తే మాత్రం ఈ ఒప్పందం నిలవదు, వైద్యం గురించి నిర్ణయాలు ఆయనే తీసుకోవాలి కాబట్టి డాక్టరు ఆయనతో నేరుగా మాట్లాడాల్సి వస్తుంది. ఆ మాట కూడా ముందే చెప్పండి.

క్రియాటినిన్ అంటే లేచిపోయే మనిషికి మొదట ఆ పేరు ఎత్తకుండా కాళ్లతో మొదలుపెట్టడం కూడా మంచిదే. తిమ్మిర్లు ఆయనకి తెలుస్తున్న బాధ కాబట్టి ఆ వంకన వస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గి, దానివల్ల కూడా కాళ్లు మొద్దుబారతాయి, అదైతే మందుతో సరిచేయొచ్చు. "కాళ్ల తిమ్మిరికి బీ12 చూడాలట" అంటే సూదికి చేయి చాపొచ్చు. అదే సూదితో మిగతావీ చూస్తారు, ఆ సంగతి దాచకుండా చెప్పే చేయించండి. ఇది నెమ్మది దారి, కిడ్నీ పరీక్షకి ఇంకో నెల పట్టినా పరవాలేదు. కానీ పాదం చూపించడం ఈ వారంలోనే జరగాలి.

ఇంట్లో అందరూ కలిసి చేయించుకోవడం ఇంకా సులువు కావొచ్చు. మీది ఉద్దానం కుటుంబం, పెదనాన్నగారికి ఆ జబ్బు వచ్చింది, మీరూ మీ అప్పా కూడా క్రియాటినిన్ చూపించుకోవాల్సినవాళ్లే. నలుగురితో పాటు నేనూ అన్నట్టు ఉంటే ఆయనొక్కణ్ణీ పట్టుకుని నిలబెట్టినట్టు ఉండదు. బావగారిని కూడా పిలవండి, రాకపోతే బలవంతం వద్దు.

ఎక్కడికి వెళ్లాలంటే, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గర. కానీ కిడ్నీ ఆసుపత్రి అన్న పేరు చూసి నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోతారనిపిస్తే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి, అదే మీవాళ్లు రిమ్స్ అనేది. జనరల్ మెడిసిన్ ఓపీలో చూపిస్తే కాళ్లు, కళ్లు, రక్తం అన్నీ అక్కడినుంచే రాస్తారు. హెచ్‌బీఏ1సీ కూడా అడగండి, గత మూడు నెలల షుగర్ సగటు అందులో తెలుస్తుంది, చాలామందికి 7 లోపు ఉంటే మంచిది, ఆయన వయసుకీ ఒంటికీ ఎంత ఉండాలో డాక్టరు చెబుతారు. రక్తం తక్కువగా ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా ఆ అంకె తప్పుదారి పట్టించొచ్చు కాబట్టి ఇంట్లో మిషన్ మీద చూసుకున్న అంకెలు కూడా ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. బీపీ చూడకుండా ఓపీలోంచి బయటికి రావొద్దు.

వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే బిళ్లల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకోండి, షాపులో అడిగి కొన్న నొప్పి బిళ్ల అట్టతో సహా. అది ఎన్నాళ్లు వాడారో, వారానికి ఎన్ని మింగారో నాన్నగారు తగ్గించి చెబుతారు, మీరు ముందే షాపతన్ని అడిగి రాసుకోండి. ఈలోపు పాదం మీద పుండుగానీ, నల్లమచ్చగానీ, ఒక కాలికే వాపుగానీ కనిపిస్తే ఓపీ రోజు కోసం చూడకుండా నేరుగా క్యాజువాలిటీకే తీసుకెళ్లండి.